పక్కవాళ్ళ హద్దుల్లో దొరికిన పూర్వీకుడు: ఒక కోనసీమ కుటుంబపు వంశశోధన

ఇరవై ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేసి, ఆ తరువాత కుటుంబ చరిత్రలు వెతికిపెట్టే పనిలోకి వచ్చినవాణ్ణి కాబట్టి, నా దగ్గరికి వచ్చే ప్రతి కేసునూ మొదట భూమి వైపు నుంచే చూడటం నాకు అలవాటు. ఇక్కడ వివరించబోయే కేసులో ఆ అలవాటు నన్ను ఒకసారి తప్పుదారి పట్టించింది, మరోసారి ఒడ్డుకు చేర్చింది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. తరాలు గందరగోళం కాకుండా వారిని పెద గురవయ్య, పెద కోటయ్య, చిన గురవయ్య, చిన కోటయ్య అని పిలుస్తాను.

పని అప్పగించినవారు పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు. ఆవిడ తాత చిన కోటయ్య కోనసీమలోని ఒక గ్రామంలో, దేవాలయంలో సన్నాయి వాయించిన నాయీబ్రాహ్మణ విద్వాంసుడు. తండ్రి ఉద్యోగరీత్యా ఊరు విడిచిన తరువాత ఆ కుటుంబానికి ఊళ్ళో ఇల్లు గానీ భూమి గానీ మిగల్లేదు. ఆవిడకు మిగిలింది తాత నోట విన్న కథ ఒక్కటే. "రక్తాక్షిలో ఉప్పెన వచ్చి బందరు మునిగిపోతే, ఇంటిల్లిపాదీ కొట్టుకుపోగా ఒక్క పిల్లవాడు సన్నాయి చంకన పెట్టుకుని నడిచి నడిచి మన ఊరి గుళ్ళోకి వచ్చాడుట, ఆయనే మా తాత అని మా తాత గారు చెప్పేవారండీ. ఇందులో నిజమెంతో చెప్పండి, అబద్ధమైనా ఫరవాలేదు," అన్నారు. అబద్ధమైనా ఫరవాలేదు అనేవారు నిజంగా అబద్ధమని తేలితే ఎంత నొచ్చుకుంటారో అప్పటికే నాకు అనుభవం ఉంది.

కథలో పట్టుకోవడానికి వీలైన మాట "రక్తాక్షి". బందరు ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది. ముప్పై వేల మంది పోయారని ఆనాటి లెక్క. ఆ సంవత్సరం రక్తాక్షే. అయితే మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి గనుక 1924 కూడా రక్తాక్షే అవుతుంది. కుటుంబ కథల్లో సంవత్సరం పేరు వినగానే ఉత్సాహపడి ఒక తేదీ రాసేసుకోకూడదు, అరవై కలిపీ తీసేసీ చూసుకోవాలి. చిన కోటయ్య 1912లో అదే ఊళ్ళో పుట్టినట్టు కుటుంబం చెబుతున్నందున 1924ను ముందే పక్కన పెట్టవచ్చు గానీ, ఆ 1912 కూడా ఎవరో చెప్పిన మాటే కాబట్టి దాన్ని కూడా రుజువు చేయవలసిన జాబితాలోనే ఉంచాను.

మామూలుగా ఇలాంటి పని ఈసీతో, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీలను చూపే ధ్రువపత్రంతో, మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుదానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేతిరాత ఇండెక్సులు తిరగేయించాలి. రెండూ చేయించాను. ఆ కుటుంబం పేరున ఒక్క క్రయం లేదు, ఒక్క తనఖా లేదు, ఒక్క భాగపరిష్కార పత్రం లేదు. ఇది నిరాశ కలిగించే ఫలితమే గానీ ఆశ్చర్యం కలిగించేది కాదు. గుడి సేవకు ఇచ్చిన మాన్యం ఆ కుటుంబానిది అనుభవమే తప్ప అమ్ముకునే ఆస్తి కాదు. అమ్ముకోలేనివాడు దస్తావేజు రాయడు. దస్తావేజు రాయనివాడి పేరు ఇండెక్సులోకి ఎక్కదు. ఆ ఊరికి ఆఖరి కరణంగా పనిచేసినవారి వారసుల ఇంటికి కూడా వెళ్ళాను. 1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ప్రభుత్వానికి అప్పగించగా మిగిలిన ఒక గుడ్డ మూటను వారు ఎంతో మర్యాదగా అటక మీద నుంచి దించి ఇచ్చారు. అందులో 1940ల సాగు లెక్కలు, చెదలు తప్ప మరేమీ లేవు.

దారి చూపింది ఆర్.ఎస్.ఆర్. రీసెటిల్‌మెంటు రిజిస్టరు అనే ఈ పుస్తకాన్ని రైతులు సరిహద్దు తగాదాల కోసం అడుగుతారు. వంశశోధకుడికి అది పాత ప్రపంచానికి తలుపు. అందులో ఒక్కొక్క సర్వే నంబరు ఎదుట పాత సర్వే నంబరు, భూమి సర్కారుదా ఇనాందా (అంటే మాన్యంగా ఇచ్చినదా) అన్న వివరం, ఇనాం అయితే టి.డి. నంబరు ఉంటాయి. టి.డి. అంటే టైటిల్ డీడ్. గుడికి తూర్పుగా కాలువ గట్టున రెండు ఎకరాల పద్నాలుగు సెంట్ల మెట్టుపల్లాల తునక ఒకటి ఇనాంగా నమోదై, రిమార్కుల గడిలో భజంత్రీ సర్వీసు, అంటే మంగళవాద్యాల సేవ, అని రాసి ఉంది. మనిషి పేరు లేదు. నాకు కావలసింది పేరు కాదు, ఆ టి.డి. నంబరు.

ఎందుకో చెప్పాలంటే ఇనాం కమిషన్ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. మద్రాసు రాజధానిలో పూర్వపు రాజులు, జమీందారులు, నవాబులు ఇచ్చిన మాన్యాలన్నీ ఎవరి అనుభవంలో ఉన్నాయో, ఏ హక్కున ఉన్నాయో విచారించడానికి 1858లో ఈ కమిషన్‌ను నియమించారు. జి. ఎన్. టేలర్ దాని తొలి కమిషనరు. దశాబ్దం పైగా ఊరూరా విచారణ సాగింది. ఒక్కొక్క మాన్యానికీ ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఒక వరుస కేటాయించి, ఇరవైకి పైగా గళ్ళలో దాని పుట్టుపూర్వోత్తరాలు రాశారు: ఇచ్చినవారెవరు, ఎప్పుడిచ్చారు, ఆధారమేమిటి, మొదట పుచ్చుకున్నవాడి పేరేమిటి, పాత లెక్కల్లో ఎవరి పేరున ఉంది, ప్రస్తుత అనుభవదారు ఎవరు, వయసెంత, ఎక్కడ ఉంటాడు, మూలపురుషుడికి ఏమవుతాడు, వారసులెవరు. పన్ను వసూలు కోసం చేసిన పని గానీ, వంశవృక్షం గీయమని ఎవరో పురమాయించినంత శ్రద్ధగా చేశారు. సామాన్య రైతుకు ఇంత వివరంగా కాగితం మిగల్లేదు. మాన్యం ఉన్న కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, పూజారికి, సన్నాయివాడికి మిగిలింది. పెద్ద కుటుంబాల చరిత్రే రికార్డుల్లో ఉంటుందనుకునేవారు ఈ రిజిస్టరును ఒక్కసారి తిరగేస్తే చాలు.

రిజిస్టరు ఎక్కడుందో తెలుసుకోవడమే ఒక ప్రయాణం. ఆ ఊరు 1859 దాకా రాజమండ్రి జిల్లాలో ఉంది, తరువాత గోదావరి జిల్లాలో, 1925 నుంచి తూర్పు గోదావరిలో, 2022 నుంచి కోనసీమ జిల్లాలో. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ప్రతి మార్పులోనూ కొన్ని కట్టలు కదులుతాయి, కొన్ని పాత చోటనే ఉండిపోతాయి. ఒక కార్యాలయంలో నాకు ఆ సంపుటాన్ని చెదలు తినేశాయని చెప్పారు. రాతపూర్వకంగా చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిన మూడు వారాలకు, అదే గదిలో వేరే తాలూకా చీటీ కట్టిన మూటలో అది క్షేమంగా దొరికింది. అబద్ధం చెప్పారని నేననుకోను. ఆ మూట విప్పి చూసినవారు అంతకు ముందు ఎవరూ లేరంతే.

దొరికిన తరువాత కూడా ఒక పూట వృథా చేసుకున్నాను. రిజిస్టరు ఇంగ్లీషులో ఉంటుంది, గుమాస్తా దస్తూరీ గొలుసుకట్టు. నేను "టెంపుల్" అన్న మాట కోసం వెతుకుతున్నాను. వారు గుడిని "పగోడా" అని రాశారు. వరహా నాణేన్ని కూడా ఇంగ్లీషు లెక్కల్లో పగోడా అనే అనేవారు కాబట్టి ఆ మాట కనబడిన చోటల్లా అది పన్ను లెక్క అనుకుని దాటేశాను. చివరికి టి.డి. నంబరు ఎదుటే "పైపర్ టు ది పగోడా" అని ఉంటే, సన్నాయిని వారు పైపు చేశారని అర్థమై నవ్వు వచ్చింది.

ఆ వరుసలో ఉన్నది ఇది. ఫసలీ 1269లో విచారణ జరిగింది. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1859 జూలై నుంచి 1860 జూన్ లోపల. అనుభవదారు గురవయ్య, వయసు నలభై ఎనిమిది, నివాసం అదే గ్రామం, మూల ఇనాందారుకు మనవడు. ఇచ్చినవారు పెద్దాపురం జమీందారులు, ఆధారపత్రం లేదు, చిరకాల అనుభవమే ఆధారం. వారసుల గడిలో భార్య, ఇద్దరు కుమార్తెలు. కొడుకులు లేరు.

అంటే ఉప్పెనకు నాలుగేళ్ళ ముందే, కనీసం మూడు తరాలుగా, ఆ మాన్యం ఆ ఊరివారి చేతిలోనే ఉంది. కుటుంబ కథ ఇక నిలవదని నాకనిపించింది. దానికి తోడు, పక్క భూమికి సంబంధించిన 1907 నాటి ఒక క్రయ దస్తావేజు అప్పటికే నా చేతికి వచ్చింది. అందులో దక్షిణపు హద్దు "భజంత్రీ గురవయ్య మాన్యం" అని ఉంది. 1860లో నలభై ఎనిమిదేళ్ళవాడు 1907 నాటికి ఉంటే తొంభై అయిదేళ్ళవాడు కావాలి. కనుక ఇతను మనవడు గురవయ్య అయి ఉంటాడని, తాత పేరు మనవడికి పెట్టే మన ఆచారం ప్రకారం మధ్యలో ఒక కొడుకు ఉండి ఉంటాడని, 1860 తరువాత పుట్టినందువల్ల అతని పేరు రిజిస్టరులో లేదని తీర్మానించాను. వంశం నేరుగా ఆ ఊళ్ళోనే దిగివచ్చిందని, ఉప్పెన కథ ఎక్కడి నుంచో అతుక్కున్న కట్టుకథ అని మొదటి నివేదిక రాసి పంపాను.

టీచరు గారు చదివి రెండు రోజుల తరువాత ఫోన్ చేశారు. వాదించలేదు. "రిజిస్టరు ప్రకారం ఆయనకు కొడుకులు లేరన్నారు కదా బాబూ, నలభై ఎనిమిదేళ్ళ తరువాత పుట్టాడని మీరెలా అనుకున్నారు? వాళ్ళావిడకు అప్పుడు ఎన్నేళ్ళో?" అని మాత్రం అడిగారు. సరైన ప్రశ్న. నేను చూసుకోవలసిన గడిని చూసి కూడా, 1907 దస్తావేజు మీద నమ్మకంతో దాన్ని తోసిపుచ్చాను.

ఇరవై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి, హద్దుల సంగతి నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? దస్తావేజు రాసేటప్పుడు లేఖరి పొలానికి వెళ్ళడు. కక్షిదారు తెచ్చిన లింకు డాక్యుమెంటును, అంటే అదే ఆస్తికి అంతకు ముందు రాసిన దస్తావేజును, ఎదురుగా పెట్టుకుని, అందులోని నాలుగు హద్దులనూ ఉన్నవి ఉన్నట్టు దించేస్తాడు. మార్చితే రేపు పాత కాగితానికీ కొత్త కాగితానికీ పొంతన లేదని ఎవరైనా పేచీ పెడతారని భయం. అందువల్ల చనిపోయి ముప్పై ఏళ్ళయినవాడు కూడా పక్కవాడి దస్తావేజులో దక్షిణపు హద్దుగా హాయిగా బతికి ఉంటాడు. నేను స్వయంగా అలాంటివి ఎన్ని రాశానో లెక్క లేదు. 1907 దస్తావేజు వెనక్కి వెళ్ళి దాని లింకు చూశాను. 1871 నాటిది. హద్దుల పేరా అక్షరం పొల్లుపోకుండా అదే, "తూర్పు పంట కాలువ, దక్షిణం భజంత్రీ గురవయ్య మాన్యం" అన్న మాటల దగ్గర రాతగాడు వేసిన అనవసరపు విరామంతో సహా. 1907లో గురవయ్య లేడు. ఉన్నది 1871 గురవయ్య నీడ.

ఇక్కడ ఈ పని చేసేవారికి పనికివచ్చే ఒక మాట చెప్పాలి. హద్దుల్లో పేరు మారకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. పేరు మారితే మాత్రం అది గట్టి సాక్ష్యం. లింకు కాగితాన్ని దించేసే అలవాటుకు ఎదురీది లేఖరి ఒక కొత్త పేరు రాశాడంటే, ఎవరో ఒకరు పట్టుబట్టి ఆయన చేత రాయించి ఉండాలి, లేదా మొదటిసారి రిజిస్టరవుతున్న భూమి అయి ఉండాలి. కాబట్టి నేను వెతకవలసింది గురవయ్య పేరున్న దస్తావేజుల కోసం కాదు, ఆ మాన్యాన్ని ఆనుకుని ఉండి, అతని పేరు మారిన దస్తావేజుల కోసం.

మాన్యానికి పడమర, ఉత్తరాల ఉన్న నాలుగు సర్వే నంబర్లను ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) పటంలో గుర్తించి, ఆర్.ఎస్.ఆర్. సాయంతో వాటి పాత నంబర్లు పట్టుకుని, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇండెక్సు రెండు వెతికించాను. ఇండెక్సు ఒకటి మనుషుల పేర్ల వారీగా ఉంటుంది, రెండు ఊళ్ళు, ఆస్తుల వారీగా ఉంటుంది. సామాన్యంగా అందరూ ఒకటినే అడుగుతారు. ఆస్తి లేని కుటుంబాన్ని వెతకాలంటే రెండే దిక్కు. ఈ పద్ధతిలో రోజుల తరబడి కూర్చోవాలి, ఫీజు సంవత్సరానికి ఇంత చొప్పున కట్టాలి, పాత సంపుటాల్లో సిరా పాలిపోయి కాగితం అంచులు వేలికి పొడిలా అంటుకుంటాయి. మొత్తం మీద మూడు మారిన హద్దులు దొరికాయి.

1881 తనఖా పత్రంలో ఇంకా "గురవయ్య మాన్యం" అనే ఉంది, అది 1871 నకలే. కానీ 1882లో పడమటి పొలం మొదటిసారి అమ్ముడైనప్పుడు తూర్పు హద్దుగా "కీర్తిశేషులైన భజంత్రీ గురవయ్య భార్య అనుభవంలో ఉన్న దేవుడి మాన్యం" అని రాశారు. 1885లో ఉత్తరపు పొలంలో ఒక తునకను అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, "దక్షిణం భజంత్రీ గురవయ్య దత్తపుత్రుడు కోటయ్య మాన్యం" అని ఉంది. తరువాత 1893లో "భజంత్రీ కోటయ్య మాన్యం" అని మాత్రమే. ఆ మూడు వాక్యాల్లో ఒక మరణం, ఒక వైధవ్యం, ఒక దత్తత ఉన్నాయి. ఆ కుటుంబం తాను రాసిన ఒక్క కాగితంలోనూ లేకుండా, పొలం పంచుకుంటున్న ఎవరో అన్నదమ్ముల కాగితంలో తన చరిత్రను వదిలిపెట్టింది.

దత్తపుత్రుడు అన్న మాట కనబడ్డాక వెళ్ళవలసిన చోటు రిజిస్ట్రేషను పుస్తకాల్లో మూడోది. మొదటి పుస్తకం స్థిరాస్తి లావాదేవీలది. మూడో పుస్తకం వీలునామాలకు, దత్తత స్వీకరించే అధికారమిచ్చే పత్రాలకు ప్రత్యేకించినది. దాన్ని మొదటి పుస్తకంలా ఎవరు పడితే వారు చూడటానికి వీల్లేదు. రాసిచ్చిన వ్యక్తి బతికి ఉన్నంతకాలం ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు, ఆయన పోయాక ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు. నిబంధన సబబైనదే. అయితే ఒక గుమాస్తా ఆ నిబంధన ప్రకారం రాసిచ్చినవాడి మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మన్నప్పుడు మాత్రం, ఆయన బతికి ఉంటే ఇప్పటికి రెండు వందల పదేళ్ళు దాటుతాయని ఇనాం రిజిస్టరు నకలు జతచేసి వినయంగా రాసిచ్చాను. ఆ లెక్క ఆయనకు కూడా నచ్చింది.

పత్రం 1878 నాటిది. పెద గురవయ్య అనారోగ్యంతో ఉండి తన భార్యకు దత్తత స్వీకరించే అధికారం ఇస్తున్నాడు. తనకు పురుష సంతానం లేదని, కుమార్తెలకు వివాహాలై అత్తవారిళ్ళకు వెళ్ళారని, స్వామివారి సన్నాయి సేవ ఆగిపోకూడదని చెప్పి, ఆ తరువాత ఇలా రాయించాడు: "బందరు తాలూకా నుంచి ఉప్పెన అనంతరం పసితనంలో మన ఇంటికి చేరి, మన ఇంటనే పెరిగి, మన వద్దనే వాద్యం అభ్యసించిన పదహారు సంవత్సరముల వయసు గల కోటయ్యను" అతని జనకుడి సమ్మతితో దత్తత చేసుకోవలసింది. జనకుడి పేరు, ఊరి పేరు కూడా ఉన్నాయి.

పదహారేళ్ళు అంటే ఉప్పెన నాటికి రెండేళ్ళ పసివాడు. సన్నాయి చంకన పెట్టుకుని నడిచి వచ్చాడన్నది తరువాతి తరాల ముద్దు. చివర చెప్పబోయే ఒక్క విషయం తప్ప మిగిలిన కథ నిజం. ఇనాం రిజిస్టరు చెప్పిందీ నిజమే. రక్తం బందరు వైపుది, ఇంటిపేరు, మాన్యం, విద్య కోనసీమవి. నా మొదటి నివేదిక మాత్రమే తప్పు.

పత్రం చివర పెద గురవయ్య నిశాని ఉంది. చదువు రానివారు సంతకానికి బదులు ఒక గుర్తు గీసేవారు, నకలు పుస్తకంలోకి ఎక్కించే గుమాస్తా ఆ గుర్తును కూడా చూసి గీసేవాడు. ఇక్కడ గీసింది నిలువుగా ఒక గీత, దాని కింది కొస కాస్త వెడల్పుగా విచ్చుకుని ఉంది. టీచరు గారు దాన్ని చూడగానే సన్నాయి అన్నారు. అది వణుకుతున్న చేతి గీత కావచ్చు, గుమాస్తా కలం ఒలికి ఉండవచ్చు. నివేదికలో "ఒక నిలువు గీత" అనే రాశాను.

పెద కోటయ్య నుంచి చిన కోటయ్య దాకా గొలుసు కలపడానికి పెద్దగా శ్రమ పడలేదు. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదు చట్టం 1899 నాటిది. ఆ గ్రామపు 1912 జనన రిజిస్టరులో "మగ శిశువు, తండ్రి గురవయ్య, వృత్తి భజంత్రీ" అన్న నమోదు ఉంది. పిల్లవాడి పేరు రాయరు, అప్పటికి పేరు పెట్టి ఉండరు కాబట్టి. ఇది చిన గురవయ్య, పెద కోటయ్య తన దత్తత తండ్రి పేరు పెట్టుకున్న కొడుకు. ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం 1956లో వచ్చిన తరువాత జరిగిన విచారణ ఫైలులో చిన కోటయ్య ఇచ్చిన వాంగ్మూలం దొరికింది. "మా తాత కోటయ్య, మా తండ్రి గురవయ్య, వారి తదనంతరం నేను స్వామివారి సేవ చేస్తూ ఈ భూమిని అనుభవిస్తున్నాను" అని ఒక్క వాక్యంలో మూడు తరాలూ చెప్పేశాడు. కింద చక్కని సంతకం. పెద గురవయ్య నిశానికీ ఈ సంతకానికీ మధ్య ఎనభై ఏళ్ళు.

ఇక తేలని విషయం గురించి. పత్రంలో కోటయ్య జనకుడి సమ్మతితో దత్తత జరగాలని ఉంది, అంటే తండ్రి 1878లో బతికే ఉన్నాడు. కుటుంబ కథ మాత్రం ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయారని చెబుతుంది. ఎవరిని నమ్మాలి? నేను పాత లేఖరిగా ఆ వాక్యాన్ని చదివినప్పుడు నా కళ్ళు "జనకుడి సమ్మతితో" అన్న మాట దగ్గర ఆగిపోయాయి. ఆనాటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం బిడ్డను దత్తత ఇవ్వగలిగేది తల్లిదండ్రులే. ఇద్దరూ పోయిన అనాథను ఇచ్చేవారే లేరు కనుక దత్తత చెల్లదు. కులాచారం వేరుగా ఉందని నిరూపిస్తే తప్ప. 1956 నాటి దత్తత చట్టం వచ్చాకే ఈ పరిస్థితి మారింది. గురవయ్య అల్లుళ్ళెవరైనా మాన్యం కోసం దావా వేస్తే, పిల్లవాడు అనాథ అన్న ఒక్క మాట చాలు దత్తత కొట్టివేయడానికి. తెలివైన లేఖరి ఆ మాట రాయడు. అనాథనే దత్తత చేసుకుంటున్నా, ఎక్కడో బందరు తాలూకాలో తండ్రి ఉన్నాడని రాస్తాడు. నేనైనా అలాగే రాయమని సలహా ఇచ్చి ఉండేవాణ్ణి. లేదా తండ్రి నిజంగానే ఉండి, పసివాణ్ణి సాకలేక దూరపు చుట్టాల ఇంట్లో వదిలి ఉండవచ్చు. మనవళ్ళకు చెప్పేటప్పుడు, తండ్రి వదిలేశాడనడం కంటే ఉప్పెన తీసుకుపోయిందనడం తేలిక. రెండూ సంభవమే. రెండింటికీ కారణాలున్నాయి.

తేల్చడానికి బందరు వైపు ప్రయత్నించాను. పత్రంలో చెప్పిన ఊరి ఇనాం రిజిస్టరులో భజంత్రీ మాన్యం ఉంది, కానీ అనుభవదారు వేరొకరు, వారసుల్లో కూడా మనకు కావలసిన పేరు లేదు. ఉప్పెనలో పోయినవారి పేర్లు ఊరి వారీగా రాసిన జాబితా ఏదీ నా చేతికి రాలేదు. ఆ తాలూకాలో 1865 నుంచి 1880 దాకా ఆ ఊరి హద్దులు కూడా ఇదే పద్ధతిలో చూశాను. జనకుడి పేరుతో ఒక మనిషి ఒకే ఒక్కసారి, 1869లో, ఒక ఇంటిస్థలానికి ఉత్తరపు హద్దుగా కనిపించాడు. అది ఆ ఊళ్ళో మొదటిసారి రిజిస్టరైన స్థలం, లింకు లేదు, కాబట్టి నకలు కొట్టిన పేరని తోసిపుచ్చలేను. అలాగని ఆ పేరు ఊరికి నలుగురికి ఉండే పేరు, వృత్తి రాయలేదు, కాబట్టి ఇతనే అనీ చెప్పలేను.

తుది నివేదికలో ప్రతి సంబంధానికీ ఎదురుగా మూడు మాటల్లో ఒకటి రాశాను: రుజువైనది, సంభావ్యం, ఊహ. చిన కోటయ్య నుంచి పెద గురవయ్య దత్తత దాకా అన్నీ రుజువైనవి. పెద గురవయ్య నుంచి మూల ఇనాందారు దాకా రుజువైనదే, రిజిస్టరే సంబంధం చెబుతుంది గనుక, మధ్య తరం పేరు మాత్రం ఖాళీ. బందరు వైపు, ఆ ఊరు నుంచి పిల్లవాడు వచ్చాడన్నది రుజువైనది. జనకుడి పేరు సంభావ్యం. ఆయన ఉప్పెనలో పోకుండా మిగిలాడన్నది ఊహ.

పటంలో కోనసీమ వంశాన్ని నిండు గీతతో, బందరు వంశాన్ని చుక్కల గీతతో కలిపి, చుక్కల గీత పైన జనకుడి పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. విదేశంలో ఉన్న టీచరు గారి తమ్ముడు దాన్ని ఫ్రేము కట్టించుకోవాలనుకుంటున్నానని, ఆ ప్రశ్నార్థకం చూడటానికి బాగాలేదు, తీసేసి పంపమని అడిగారు. తీయలేదు. టీచరు గారు అలాగే కట్టించుకున్నారు.